ఆ మాత్ర ఎన్నాళ్ళు వేసుకోమన్నారు?

మందుల గురించి పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణని తెలిశాక చుట్టాలూ స్నేహితులూ నన్నడిగే ప్రశ్నల్లో సగం కడుపు చుట్టూనే తిరుగుతాయి. "పాంటాప్రజోల్ రోజూ వేసుకుంటున్నా, కిడ్నీలు పాడవుతాయంట కదా?" అని ఒకరు. "ఒమెప్రజోల్ మంచిదా, రాబెప్రజోల్ మంచిదా?" అని ఇంకొకరు. నేను తిరిగి అడిగేది ఎప్పుడూ ఒకటే. ఎందుకిచ్చారు, ఎన్నాళ్ళు వేసుకోమన్నారు? ఎందుకిచ్చారన్నదానికి "గ్యాస్‌కి" అనో "అల్సర్ ఉందన్నారు" అనో ఏదో ఒకటి చెబుతారు. ఎన్నాళ్ళన్నదానికి మాత్రం చాలామంది దగ్గర జవాబుండదు. చీటీ మీద రాసుండదు, వీళ్ళూ అడిగుండరు.

కడుపులో పుండుకు ఇవాళ మన చేతిలో ఉన్న మందులు చిన్నవేం కావు. ఒకప్పుడు పొట్ట కోసి జీర్ణాశయంలో కొంత భాగం తీసేయాల్సిన జబ్బును మాత్రలతో సరిపెట్టిన ఘనత వాటిది. నేను వాటి పక్షమే. కానీ వాటిలో బాగా అమ్ముడుపోయేవన్నీ పుండు మానేందుకు వీలు కల్పిస్తాయే తప్ప, అసలు పుండెందుకు పడిందన్న దాని జోలికి పోవు. కారణం వెతక్కుండా, గడువు పెట్టకుండా ఇచ్చిన, యాసిడ్ తగ్గించే మాత్ర సగం వైద్యమే అని నా వాదన. ఇది మందులు పనిచేసే తీరు చూస్తేనే అర్థమవుతుంది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

జీర్ణాశయం గోడలో పరైటల్ కణాలని ఉంటాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం తయారుచేయడం వీటి పని. రక్తం పీహెచ్ 7.4 దగ్గర ఉంటుంది, ఈ కణాలు లోపలికి వదిలే రసం పీహెచ్ 1 దగ్గర. పీహెచ్‌లో ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరిగినట్టు లెక్క. అంటే రక్తంలో కంటే పది లక్షల రెట్లకు మించిన గాఢత. అంత తేడాకు ఎదురునిలిచి హైడ్రోజన్ అయాన్లను బయటికి నెట్టడానికి కణంలో ఒక ప్రోటీన్ ఉంది. అది ఒక పొటాషియం అయాన్‌ను లోపలికి లాక్కుంటూ ఒక హైడ్రోజన్ అయాన్‌ను బయటికి తోస్తుంది. దాన్నే ప్రోటాన్ పంపు అంటారు.

ఆ పంపు తనంత తాను తిరగదు. మూడు వైపుల నుంచి దానికి కబురు రావాలి. మెదడు నుంచి వచ్చే వేగస్ నరం ఎసిటైల్ కోలిన్‌ను వదులుతుంది. ముద్ద కడుపులో పడగానే గాస్ట్రిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. పక్కనే ఉండే ఇంకో రకం కణాలు హిస్టమిన్‌ను వదులుతాయి. గాస్ట్రిన్ కూడా తన పనిలో ఎక్కువ భాగం ఈ హిస్టమిన్ కణాల చేతే చేయిస్తుంది. కబుర్లు మూడైనా చివరికి పనిచేయాల్సింది ఆ ఒక్క పంపే. గడిచిన వందేళ్ళలో యాసిడ్ మందుల కథంతా ఈ దారిలో ఎక్కడ అడ్డం పడాలన్నదే.

మరి ఇంత ఘాటు ఆమ్లం సొంత గోడను ఎందుకు తినెయ్యదు? గోడ మీద జిగురు పొర ఉంటుంది. అందులో బైకార్బొనేట్ కలిసి ఉంటుంది కాబట్టి పైన పీహెచ్ ఒకటో రెండో ఉన్నా, జిగురు అడుగున కణాన్ని తాకేచోట ఏడు దరిదాపుల్లో ఉంటుంది. పైపొర కణాలు కొద్ది రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. అడుగున రక్తప్రసారం బాగుంటే లోపలికి చొరబడ్డ కాస్త ఆమ్లమూ కొట్టుకుపోతుంది. ఈ ఏర్పాట్లన్నిటినీ నడిపించేవి ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు. ఈ పేరు గుర్తుంచుకోండి, నొప్పి మాత్రల దగ్గర మళ్ళీ వస్తుంది.

పుండంటే ఈ కాపలా ఓడిపోయిన చోటు. జీర్ణాశయంలో పడొచ్చు, దాని తర్వాత వచ్చే చిన్నపేగు మొదటి భాగంలోనూ పడొచ్చు. కాపలాను ఓడించిందెవరన్న ప్రశ్న చాలాకాలం సరిగ్గా వెయ్యలేదు. 1910లో ష్వార్జ్ అనే శస్త్రవైద్యుడు 'ఆమ్లం లేనిదే పుండు లేదు' అన్నాడు. మాటలో నిజముంది. ఆమ్లం లేకుండా అలాంటి పుండు పడటం అరుదే. చిక్కేమిటంటే ఆ మాటను వైద్యలోకం 'ఆమ్లమే పుండుకు కారణం' అని చదువుకుంది. ఆమ్లం అందరి కడుపులోనూ ఉంది, పుండు అందరికీ లేదు. ఈ చిన్న తర్కం మీద ఇంకో డెబ్బై ఏళ్ళు ఎవరూ గట్టిగా నిలబడలేదు.

అందుకే మొదట వచ్చిన వైద్యమంతా ఆమ్లాన్ని చంపడం మీదే సాగింది. 1915లో షికాగో వైద్యుడు బెర్‌ట్రామ్ సిప్పీ గంటగంటకీ పాలు, మీగడ, మధ్యలో క్షార చూర్ణాలు ఇచ్చే పద్ధతిని ప్రచారం చేశాడు. దశాబ్దాల పాటు రోగులు అలాగే పడి ఉన్నారు. పాల వల్ల కాసేపు హాయిగా ఉంటుంది గానీ అందులోని మాంసకృత్తులూ కాల్షియమూ కలిసి మళ్ళీ ఆమ్లాన్ని ఊరేలా చేస్తాయి. పాలూ క్షారాలూ కలిపి అదేపనిగా తీసుకున్న కొందరికి రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి కూడా.

యాంటాసిడ్లు ఇప్పటికీ ఉన్నాయి, ఉండాలి కూడా. అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్, కాల్షియం కార్బొనేట్, ఇవన్నీ అప్పటికే కడుపులోకి వచ్చిన ఆమ్లాన్ని తటస్థం చేస్తాయి. నిమిషాల్లో ఉపశమనం, గంటో రెండు గంటలో అయ్యాక మళ్ళీ మామూలే. అల్యూమినియం మలబద్ధకం తెస్తుంది, మెగ్నీషియం విరేచనాలు తెస్తుంది. అందుకే ఒకే సీసాలో రెండూ కలుపుతారు. మందుల తయారీలో ఇంత నిజాయితీ గల రాజీ ఇంకెక్కడా చూడలేదు నేను.

అసలు మలుపు జేమ్స్ బ్లాక్‌తో వచ్చింది. అప్పటికే గుండెకు సంబంధించి ప్రోప్రనొలాల్ తయారీకి దారి చూపిన శాస్త్రవేత్త ఆయన. హిస్టమిన్ కడుపులో ఆమ్లాన్ని పెంచుతుందని తెలుసు, తుమ్ములకూ దురదలకూ వాడే యాంటీ హిస్టమిన్లు ఆ ఆమ్లాన్ని ఏమాత్రం తగ్గించవనీ తెలుసు. అంటే హిస్టమిన్ అందుకునే గ్రాహకాలు రెండు రకాలుండాలి, పాత మందులు ఒకదాన్నే ఆపుతున్నాయి, రెండోదాన్ని ఆపే అణువును మనమే కట్టాలి అన్నది బ్లాక్ ఊహ. 1964లో స్మిత్‌క్లైన్ అండ్ ఫ్రెంచ్ సంస్థలో మొదలుపెట్టారు. హిస్టమిన్ అణువునే తీసుకుని కొద్దికొద్దిగా మారుస్తూ వందల పదార్థాలు చేశారు. 1972లో బురిమమైడ్‌తో రెండో గ్రాహకం ఉందని రుజువైంది. కానీ అది నోటి ద్వారా ఇస్తే చాలినంత పనిచేయలేదు. తర్వాత వచ్చిన మెటియమైడ్ పుండ్లను మాన్పింది, కొందరిలో తెల్ల రక్తకణాలను పడగొట్టింది. అణువులో గంధకం ఉన్న ఆ తోకను మార్చి చేసిందే సిమెటిడిన్. 1976లో బ్రిటన్‌లో మార్కెట్లోకి వచ్చింది. 1988లో బ్లాక్‌కు నోబెల్ వచ్చింది.

దొరికినదాన్ని వాడిచూడటం కాకుండా, ఒంట్లో ఏ తలుపు మూయాలో ముందే అనుకుని దానికి తగ్గ గడియ చెక్కడం ఆ రోజుల్లో కొత్త. క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడు నేను సిలబస్ కంటే ఎక్కువ సమయమే తీసుకుంటాను.

సిమెటిడిన్ కాలేయంలో ఇతర మందులను విరగ్గొట్టే ఎంజైములను అడ్డుకుంటుంది, కొందరు మగవాళ్ళలో రొమ్ములు పెరిగేవి. 1981లో వచ్చిన రానిటిడిన్‌కు ఆ తలనొప్పులు తక్కువ. కొన్నేళ్ళలోనే ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడుపోయే మందైంది. చివరికి ఎన్డీఎంఏ అనే కేన్సర్ కారకం అందులో కాలక్రమేణా పెరుగుతోందని తేలి 2020లో అమెరికాలో మార్కెట్ నుంచి తీసేయించారు. ఆ కుటుంబంలో ఇప్పుడు ఫామోటిడిన్‌ది పెద్దరికం. ఈ రకం మందులకు ఒక పరిమితి ఉంది. మూడు కబుర్లలో ఒక్క హిస్టమిన్‌నే ఆపుతాయి. రాత్రి ఊరే ఆమ్లాన్ని బాగా అణుస్తాయి గానీ భోజనం తర్వాత నరమూ గాస్ట్రిన్నూ పని జరిపించేస్తాయి. పైగా రోజూ వాడితే రెండు వారాల్లోపే వాటి పట్టు సడలుతుంది.

అందుకే కబుర్లను వదిలేసి పంపునే పట్టుకుందామన్న ఆలోచన వచ్చింది. స్వీడన్‌లో ఆస్ట్రా సంస్థకు చెందిన హేస్లే ప్రయోగశాలలో 1979లో ఒమెప్రజోల్‌ను తయారుచేశారు, 1988లో అది మందుగా వచ్చింది. పాంటాప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్, లాన్సొప్రజోల్, పేరు చివర 'ప్రజోల్' అని ఉన్న ఈ మాత్రలన్నీ దాని తోబుట్టువులే.

ఇది పనిచేసే తీరు విచిత్రంగా ఉంటుంది. మింగిన మాత్ర నేరుగా కడుపులో పనిచేయదు. నిజానికి అక్కడ ఆమ్లం తగిలితే అది పాడైపోతుంది. అందుకే పేగులోకి చేరేదాకా కరగని పూత వేస్తారు. మాత్రను నూరి, గుళికల్లోని పూసలను నమిలి వేసుకునేవాళ్ళు ఆ పూతను తామే తీసి మందును ఆమ్లానికి అప్పగిస్తున్నారు. పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి పరైటల్ కణానికి చేరుతుంది. ఈ మందు బలహీన క్షారం కాబట్టి, ఆమ్లం అతి గాఢంగా ఉండే సన్నటి కాలువల్లో, అంటే పంపు పనిచేస్తున్న చోటనే, వచ్చి పోగవుతుంది. అక్కడి ఆమ్లమే దాన్ని అసలు మందుగా మారుస్తుంది. అలా మారిన అణువు పంపులోని అమైనో ఆమ్లం సిస్టీన్‌ను పట్టుకుని మళ్ళీ వదలదు. ఆ పంపు పని అంతటితో సరి. కణం కొత్త పంపు కట్టుకుంటేనే మళ్ళీ ఆమ్లం. అందుకే రక్తంలో గంటా రెండు గంటల్లో సగం మాయమయ్యే మందు రోజంతా పనిచేస్తుంది.

దీని నుంచి మూడు సంగతులు తేలతాయి. చీటీలో సగం చోటు వీటికే ఇవ్వాలని నాకనిపిస్తుంది. ఒకటి, నడుస్తున్న పంపునే ఇది పట్టుకోగలదు. పడుకున్న పంపు జోలికి పోలేదు. రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపుకు పొద్దున మొదటి ఆహారం తగిలినప్పుడు ఎక్కువ పంపులు లేస్తాయి. ఆ వేళకు మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. కాబట్టి తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. తిన్నాక గుర్తొచ్చి వేసుకుంటేనో, పరగడుపున వేసుకుని మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా ఉంటేనో మందు చాలావరకు వృథా. రెండు, ఒక్క మాత్రతో పంపులన్నీ పడిపోవు. రోజుకు కొన్ని చొప్పున పడిపోతూ మూడు నుంచి అయిదు రోజులకు పూర్తి ప్రభావం కనబడుతుంది. మంట పుట్టిన రోజు ఒకటి వేసుకుని "పనిచెయ్యలేదు" అనడం దానికి చేసే అన్యాయం. ఆ పని యాంటాసిడ్‌ది. మూడోది వెనక చెబుతాను, అది మానేసేటప్పుడు బయటపడే సంగతి.

ఏ 'ప్రజోల్' మంచిదన్న ప్రశ్నకు నా జవాబు చాలామందికి నచ్చదు. సరైన మోతాదులో, సరైన వేళకు వేసుకుంటే పుండు మాన్పడంలో వాటి మధ్య తేడా స్వల్పం. గుండెకు క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ తగవు. ఆ మందును పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైమునే ఇవి అడ్డుకుంటాయి. దీన్ని మించి పట్టించుకోవలసింది పెద్దగా లేదు.

గోడను బలపరిచే మందులు కూడా ఉన్నాయి. వాటికి ఇప్పుడు రోజులు బాలేవు. సుక్రాల్ఫేట్ చక్కెరకు గంధకామ్లపు గుంపులూ అల్యూమినియమూ తగిలించి చేసిన పదార్థం. ఆమ్లంలో అది బంకలా మారి, పుండు మీద బయటపడ్డ మాంసకృత్తులకు అంటుకుని పట్టీలా కప్పుతుంది. ఆమ్లాన్ని అది తగ్గించదు. పరగడుపున వేసుకోవాలి, ఇతర మందులకూ దీనికీ మధ్య ఎడం ఉంచాలి, లేకపోతే వాటినీ తనకు అంటించుకుంటుంది. మిసోప్రోస్టాల్ ప్రోస్టాగ్లాండిన్‌కు నకలు. నొప్పి మాత్రలు హరించినదాన్ని నేరుగా తిరిగిస్తుంది. ఊహ బ్రహ్మాండం, కానీ విరేచనాలు, కడుపు పట్టెయ్యడం ఎక్కువ. గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి గర్భిణులు ముట్టకూడదు. అదే గుణం వల్ల ఇవాళ పుండ్ల కంటే ప్రసూతి వార్డుల్లో, కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి అది ఎక్కువగా కనబడుతోంది.

ఇంతదాకా చెప్పిన మందులన్నీ ఒక విషయంలో ఒకటే. మందు వాడుతున్నన్నాళ్ళూ పుండు మానుతుంది. ఆపాక?

1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పెథాలజిస్టు కడుపు గోడ ముక్కల్లో వంకర తిరిగిన బాక్టీరియాను గమనించాడు. వాపు ఉన్నచోటే అవీ ఉన్నాయి. 1981లో బ్యారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనతో కలిశాడు. ఆ సూక్ష్మజీవిని పెంచడానికి ఎంత ప్రయత్నించినా పెరగలేదు. 1982 ఈస్టర్ సెలవుల్లో ప్లేట్లు మామూలుకంటే ఎక్కువ రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోయాయి, అప్పుడు పెరిగింది. అంతకుముందు అందరూ రెండు రోజులకే పారబోసేవాళ్ళు. అదే హెలికోబాక్టర్ పైలోరీ. యూరియాను అమ్మోనియాగా విరగ్గొట్టి తన చుట్టూ ఆమ్లాన్ని తటస్థం చేసుకుని, జిగురు పొరలోకి దూరి అక్కడే ఏళ్ళకేళ్ళు కాపురముంటుంది. వాపు పుట్టిస్తుంది. చాలామందిలో గాస్ట్రిన్‌ను పెంచి ఆమ్లమూ ఎక్కువ ఊరేలా చేస్తుంది. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రావణాన్ని తానే తాగాడు. అతనికి పుండు పడిందని కథలు కథలుగా చెబుతారు, పడలేదు. వాంతులు, కడుపు గోడకు తీవ్రమైన వాపు వచ్చాయి, ముక్క తీసి చూస్తే బాక్టీరియా ఉంది. ఆ మాత్రం చాలింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

నాకు వాళ్ళకంటే ముందు గుర్తొచ్చేది గ్రీసు వైద్యుడు జాన్ లికూడిస్. 1958 నుంచే అతను పుండ్లకు యాంటీబయాటిక్స్ ఇచ్చి నయం చేస్తూ వచ్చాడు. పత్రికలు అతని వ్యాసాన్ని వేసుకోలేదు, అతని మీద జరిమానా పడింది. అతను బాక్టీరియాను చూపించలేకపోయాడన్నది నిజమే. కానీ రోగులు కోలుకుంటున్నారని చెప్పిన మాటను పరీక్షించి చూడటానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

ఇప్పుడు ఆ "ఆపాక?" అన్న ప్రశ్నకు జవాబు. 1993లో ఆస్ట్రియా పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. చిన్నపేగు మొదట్లో పుండు పదేపదే తిరగబెట్టే రోగులందరికీ రానిటిడిన్ ఇచ్చారు. సగం మందికి అదనంగా 12 రోజులు రెండు యాంటీబయాటిక్స్, మిగతా సగానికి మందు లేని ఉత్తి మాత్రలు. ఏడాది తిరిగేసరికి ఉత్తి మాత్రల వాళ్ళలో నూటికి 86 మందికి పుండు తిరగబెట్టింది. యాంటీబయాటిక్స్ పడ్డవాళ్ళలో నూటికి ఎనిమిది మందికి. 86, 8. యాసిడ్ మందు రెండు వైపులా ఒకటే.

ఈ రెండు అంకెలు చూశాక కూడా పరీక్ష చేయించకుండా యాసిడ్ మాత్ర మీద ఏళ్ళు గడపడం నాకు అర్థం కాదు. అర్థం కాదనడం కూడా మొహమాటమే. రోజూ, ఏళ్ళ తరబడి వేసుకునే మాత్ర అమ్మేవాడికి ఇష్టం. రెండు వారాల్లో ముగిసిపోయే కోర్సు ఎవరికీ అంత లాభం కాదు. రాసేవాడికి ఒక్క గీతలో అయిపోతుంది, వేసుకునేవాడికి మంట తగ్గుతుంది, ఎవరూ ఫిర్యాదు చేయరు. కుట్ర అక్కర్లేదు, ఇంత సౌకర్యం చాలు.

పైలోరీని తీసేయడం కూడా ఆషామాషీ పని కాదు. జిగురులో దాక్కున్న దానికి ఒక్క యాంటీబయాటిక్ చాలదు. క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్, వాటికి తోడు ఒక 'ప్రజోల్' కలిపి ఇవ్వడం చాలాకాలం నడిచింది. ఇక్కడ 'ప్రజోల్' పాత్ర వేరు. ఆమ్లం తగ్గితే పైలోరీ చురుగ్గా విభజన చెందుతుంది, విభజన చెందే బాక్టీరియానే అమాక్సిసిలిన్ చంపగలదు. ఆమ్లంలో చెడిపోయే క్లారిత్రోమైసిన్ కూడా నిలబడుతుంది. అయితే క్లారిత్రోమైసిన్‌కు లొంగని పైలోరీ లోకమంతా పెరిగింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త మందులు అత్యవసరమైన బాక్టీరియా జాబితాలో దాన్నీ చేర్చింది. అందుకే పాతకాలపు లోహపు మందు బిస్మత్‌కు మళ్ళీ పెద్దపీట వేశారు. బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ఒక 'ప్రజోల్', మొత్తం నాలుగు కలిపి 14 రోజులు. రోజుకు గుప్పెడు మాత్రలు, నోరు చేదు, మలం నల్లబడటం. అయిదో రోజుకు ఎవరికైనా విసుగొస్తుంది. కానీ సగంలో మానేస్తే మిగిలేది మందులకు లొంగని పైలోరీ.

కోర్సు అయిపోతే పని అయిపోయినట్టు కాదు. పోయిందో లేదో చూడాలి. యాంటీబయాటిక్స్ ఆపాక కనీసం నాలుగు వారాలకు, 'ప్రజోల్' ఆపి రెండు వారాలయ్యాక, ఊపిరి పరీక్షో మల పరీక్షో చేయాలి. 'ప్రజోల్' వాడుతూ చేస్తే బాక్టీరియా అణిగి ఉండి లేదని చూపించే ప్రమాదముంది. రక్తంలో యాంటీబాడీ పరీక్ష దీనికి పనికిరాదు, బాక్టీరియా పోయిన తర్వాత కూడా యాంటీబాడీలు చాలాకాలం ఉంటాయి.

రెండో పెద్ద కారణం నొప్పి మాత్రలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఆస్పిరిన్. ఇవి నొప్పి తగ్గించేది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపి. 1971లో జాన్ వేన్ తేల్చిన సంగతి ఇది. కీలులో వాపు పుట్టించేవీ, కడుపు గోడను కాపాడేవీ ఈ కుటుంబానివే కాబట్టి రెండూ పోతాయి. "మాది పూత వేసిన ఆస్పిరిన్, కడుపుకేం కాదు" అనేవాళ్ళకు ఒక మాట. దెబ్బ ఎక్కువగా రక్తంలోంచి వస్తుంది. మాత్ర ఎక్కడ కరిగిందన్నదానితో దానికి పెద్దగా పని లేదు. పైగా నొప్పి మాత్ర పుండు నొప్పినీ కప్పేస్తుంది. కొందరిలో మొదటి లక్షణమే రక్తస్రావం.

మా మావయ్య ఒకసారి ఫోన్ చేసి సంబరంగా చెప్పాడు. "ఒరేయ్, ఆ పాంటాప్రజోల్ మానేశాను. రోజూ వేసుకుంటే ఎముకలు గుల్లబారతాయట." ఆయనకు గుండెలో స్టెంట్ ఉంది, ఆస్పిరిన్ రోజూ వేసుకోవాలి. మోకాళ్ళకు సొంతంగా డైక్లోఫెనాక్. వయసు డెబ్బై దాటింది. "మావయ్యా, ఉన్న మూడింట్లో నీకు కాపలా కాస్తున్నది అదొక్కటే. మానాల్సింది ఏదైనా ఉంటే ఆ మోకాళ్ళ మాత్ర. ఆస్పిరిన్ మాత్రం డాక్టరు చెప్పందే ముట్టుకోకు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "మరి ఆ వాట్సాప్ లో వచ్చిందీ..." అన్నాడు.

నాకు కోపం తెప్పించేది ఇదే. అవసరం లేనివాళ్ళు ఏళ్ళ తరబడి వేసుకుంటున్నారు, ప్రాణావసరమైనవాళ్ళు భయపడి మానేస్తున్నారు. రెండింటికీ మూలం ఒకటే, మాత్ర ఎందుకో ఎవరూ చెప్పలేదు. భయాల విషయానికొస్తే, ఎముకలు, మూత్రపిండాలు, మతిమరుపు అంటూ వచ్చిన వార్తల్లో ఎక్కువ భాగం, వాడేవాళ్ళనూ వాడనివాళ్ళనూ పోల్చిచూసిన లెక్కలు. వాడేవాళ్ళు అసలే ముసలివాళ్ళు, జబ్బులు ఎక్కువున్నవాళ్ళు. చీటీ వేసి పంచినట్టు ఎవరికి ఏ మాత్రో నిర్ణయించి, 17 వేలమందికి పైగా రోగులను మూడేళ్ళ దాకా గమనించిన అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. అందులో పాంటాప్రజోల్ వాళ్ళకు స్పష్టంగా పెరిగినవి పేగుల ఇన్ఫెక్షన్లు మాత్రమే, అదీ నూటికి 1.0 నుంచి 1.4కు. మూడేళ్ళు దాటి వాడేవాళ్ళకు విటమిన్ బీ12, మెగ్నీషియం చూసుకోమనడంలో న్యాయముంది. భయపడి పారేయమనడంలో లేదు.

ఇందాక వాయిదా వేసిన మూడో సంగతి ఇప్పుడు. ఆమ్లం తగ్గిందని శరీరానికి తెలుస్తుంది. గాస్ట్రిన్‌ను పెంచుతుంది. వారాల తరబడి గాస్ట్రిన్ ఎక్కువగా ఉంటే హిస్టమిన్ వదిలే కణాలు బలిసి కూర్చుంటాయి. మాత్ర హఠాత్తుగా మానేస్తే కొత్త పంపులొస్తాయి, అప్పటికే హిస్టమిన్ దండిగా ఉంటుంది. మునుపటికంటే ఎక్కువ ఆమ్లం ఊరుతుంది. డెన్మార్క్‌లో 120 మంది ఆరోగ్యవంతుల మీద చేసి 2009లో ప్రచురించిన పరీక్ష ఉంది. వాళ్ళకు కడుపు జబ్బే లేదు. సగం మందికి ఎనిమిది వారాలు ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపారు. ఆపిన తర్వాతి వారాల్లో నూటికి 44 మందికి మంట, పులితేన్పుల్లాంటి బాధలొచ్చాయి. ఉత్తి మాత్రలు వేసుకున్నవాళ్ళలో 15 మందికి. మంట లేని మనిషికి మంట పుట్టించి, దాన్ని తగ్గించడానికి మళ్ళీ అదే మాత్ర. "మానేస్తే జబ్బు తిరగబెడుతోందండీ" అని నాతో చెప్పేవాళ్ళలో కొందరిదైనా ఈ కథే అయ్యుంటుంది.

కొత్తగా వోనోప్రజాన్ వచ్చింది, జపాన్‌లో 2014లో అనుమతించారు. పంపులో పొటాషియం కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. ఆమ్లంలో పాడవదు, తిండి వేళతో పని లేదు, మొదటి రోజే గట్టిగా పనిచేస్తుంది. పైలోరీ కోర్సుల్లో ఇది నిజంగా మేలు చేస్తోంది. కానీ మరింత బలమైన యాసిడ్ మాత్ర చేతికొచ్చిందంటే కారణం అడగని అలవాటు ఇంకా హాయిగా సాగుతుందేమోనని నా అనుమానం.

ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళు నన్నడిగితే, ముందు ఎందుకు మొదలుపెట్టారో పాత కాగితాల్లో వెతకమంటాను. రక్తస్రావమైన పుండో, ఆస్పిరినో, రక్తం పలచబరిచే మందో కనబడితే మానే మాటే లేదు, డాక్టరు దగ్గరకే. అవేవీ లేకపోతే, పైలోరీ పరీక్ష చేయించారా లేదా అని చూడమంటాను. ఆ తర్వాత డాక్టరు ఒప్పుకుంటే మోతాదు సగం చేసి, కొన్ని వారాలాగి రోజు విడిచి రోజు, మధ్యలో మంట పుడితే యాంటాసిడ్ లేదా ఫామోటిడిన్. రెండు, మూడు వారాలు ఇబ్బంది ఉండొచ్చని ముందే తెలిసినవాళ్ళు గట్టెక్కుతారు. ఒక్క జాగ్రత్త మాత్రం మిగతావాటికంటే పెద్దది. పుండు జీర్ణాశయంలోనే పడి ఉంటే అది కేన్సర్ కాదని తేల్చుకోవాలి. యాసిడ్ మాత్రలకు కేన్సర్ పుండు కూడా కొంతకాలం మానినట్టు కనబడుతుంది, నొప్పీ తగ్గుతుంది. అందుకే ఎనిమిది, పన్నెండు వారాల తర్వాత మళ్ళీ ఎండోస్కోపీకి రమ్మని చెబుతారు. ఆ వేళకు ఒంట్లో ఏ బాధా ఉండదు కాబట్టి చాలామంది వెళ్ళరు. వెళ్ళండి.